చెరిగిన ఎనిమిదో అంకె

మా మేనమామ డోర్నకల్ యార్డులో గూడ్సు బండ్ల నంబర్లు రాసుకునే ఉద్యోగి. ఆయన రిటైరయ్యే ఏడాది ఎండాకాలం సెలవుల్లో నేను హన్మకొండ నుంచి ఆయన్ను చూడటానికి వెళ్లాను. కాలేజీలో లెక్కలు చెప్పడం నా పని. ఆయన చదువు పదో తరగతితో ఆగింది.

మధ్యాహ్నం అత్త కట్టిచ్చిన టిఫిన్ తీసుకుని యార్డుకు వెళ్లాను. ఆగి ఉన్న బొగ్గు బండి వెంట నడుస్తూ మామ ఒక్కో వ్యాగన్ నంబరు రాసుకుంటున్నాడు. ప్రతి నంబరూ పదకొండు అంకెలు.

ఒకచోట ఆగాడు. తుప్పు పట్టి ఎనిమిదో అంకె కనిపించడం లేదు. 3107095 తర్వాత ఖాళీ, ఆపైన 463. మామ పెదవులు కదిలాయి. కాగితం మీద ఆ ఖాళీలో 2 వేశాడు. ఊహించి రాశాడనుకుని అదే అడిగాను.

"ఊకనే రాస్తనా బిడ్డా? రెండోది, నాలుగోది, ఆరోది, గట్ల పదోదాంక అంకెలు కూడి మూడింతలు చెయ్యాలె. మిగిలినయన్ని అండ్ల కలపాలె. చివర సున్నా వస్తెనే నంబరు కరెక్టు."

నేను కూడి చూశాను. ఖాళీ వదిలేస్తే ఎనభై నాలుగు. తొంభైకి ఆరు తక్కువ. మూడు రెండ్ల ఆరు. మూడో ఎక్కంలో తొమ్మిది దాకా ఆరుతో ముగిసేది అదొక్కటే. అయినా నమ్మకం కుదరక బండి చుట్టూ తిరిగి అవతలి వైపు చూశాను. అక్కడ ఎనిమిదో అంకె స్పష్టంగా ఉంది. రెండే.

మూడింతలే ఎందుకు, రెండింతలు చేస్తే సరిపోదా అని పరీక్షించినట్టు అడిగాను. మామ టిఫిన్ విప్పుతూ చెప్పాడు.

"రెండొకట్ల రెండు, రెండార్ల పన్నెండు. రెండిట్ల గూడ చివర రెండే. పోయింది ఒకటో ఆరో ఎట్ల తెలుస్తది? మూడుతోని గా తిప్పల లేదు."

ఇదే సంగతి చెప్పడానికి నాకు క్లాసులో రెండు గంటలు, బోర్డు నిండా గుర్తులు కావాలి. మూడే ఎందుకో ఆయనకెవరూ చెప్పలేదు. పట్టాల వెంట నడుస్తూ తనే తేల్చుకున్నాడు.

కాలేజీ తెరిచాక బతిమాలి ఆయన్ను క్లాసుకు తీసుకొచ్చాను. పిల్లలు ఆ లెక్కకు సరిపోయే నంబర్లు బోర్డు మీద రాసి, తలా ఒక అంకె చెరిపారు. ఏ స్థానంలో చెరిపినా మామ పూరించాడు. చివరికి ఒకమ్మాయి రెండంకెలు చెరిపింది. ఆయన కాసేపు చూసి, సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

"రెండు పోతె లెక్కతోని దొరకదమ్మా. బండి కాడికి నడుసుకుంట పోవుడే."