అంబలి తాగేదాకా

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తుంటే రాగులతో కాచే చోడంబలి బండి దగ్గర ఆ పులిసిన వాసన తగులుతుంది. అందరూ నిలబడే రెండు గుక్కల్లో తాగేసి వెళ్ళిపోతారు. నేను గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చుంటాను. "ఏటి నాన్నా, మోకాళ్ళ నొప్పులా?" అని బండి నడిపే అమ్మాయి అడుగుతుంది. అవునంటాను. నిజానికి మోకాళ్ళకేం కాలేదు. నిలబడి గద్దించడం ఒక్కటే తెలిసిన నాకు, మనిషి ముందు కూర్చోవడం నేర్పింది రాజులమ్మ. అరకు కొండల్లో కాఫీ పళ్ళు కోసి, చోడి చేను చేసుకుని బతికిన మనిషి.

తొంభైల చివర్లో నేను ఆ కొండల్లో ఒక చిన్న స్టేషన్‌కి ఎస్సైగా వెళ్ళాను. అడవిలో అన్నలున్నారన్న భయం మాది, పోలీసులొస్తారన్న భయం ఊళ్ళది. మా బుర్రల్లో ఒకటే లెక్క ఉండేది: ఖాకీని చూసి పరిగెత్తేవాడు ఏదో దాస్తున్నాడు, అడిగితే పలకనివాడు ఇంకా ఎక్కువ దాస్తున్నాడు. ఒక సంత రోజున, పసుపు తూచే కాటా ముందు ఇరవై దాటిన మనిషొకడు కదలకుండా నిలబడి ఉన్నాడు. పళ్ళేలు ఊగుతుంటే వాటితో పాటు చేతి వేళ్ళు ఆడిస్తున్నాడు. అనుమానం వచ్చి విజిల్ వేశాను. చెవులు మూసుకుని పరుగెత్తాడు. పట్టుకొచ్చి నిలబెట్టి "పేరేంటి?" అన్నాను. "పేరేంటి" అన్నాడు, అచ్చం నా గొంతుతోనే. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. సంతలో జనం చూస్తున్నారు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. చెంప మీద కొట్టాను. ఉల్లిపాయలమ్మే ముసలామె అడ్డొచ్చి, "ఆడికి మాటలు రావు బాబూ, అన్నమాటే అంటాడు" అనేదాకా మళ్ళీ లేచిన నా చెయ్యి దిగలేదు.

మర్నాడు వాడి తల్లి స్టేషన్‌కి వచ్చింది. ఆమే రాజులమ్మ. ఫిర్యాదుకే వచ్చిందనుకుని, ఏం చెప్పాలో ముందే కూడగట్టుకున్నాను. ఆమె వరండాలో చతికిలబడి, ఎండిన ఆనపకాయ బుర్రలోంచి అడ్డాకు దొన్నెలోకి అంబలి వంచి నా వైపు జరిపింది.

"ఏం పని మీద వచ్చావ్?" అన్నాను నిలబడే.

"ముందు తాగు. మా కొండల్లో మడిసి కూకుని అంబలి తాగీదాకా ఏటీ అడగం."

ఆ కొండల్లో కలెక్టర్నయినా నువ్వనే అంటారు. అది తెలిసినా నాకు ఒళ్ళు మండింది. అయినా ఎందుకో కూర్చున్నాను, తాగాను. అప్పుడంది:

"కొట్టినావని అడగడానికి రానేదు. బుద్రు మళ్ళీ సంతకొత్తాడు. ఈల ఇంటే మళ్ళీ పరిగెడతాడు. నీ కాడ తుపాకుంది. అప్పుడేటి సేత్తావు?"

కూడగట్టుకున్న మాటల్లో ఏ ఒక్కటీ దానికి పనికిరాలేదు.

అలా మా స్టేషన్‌లో రాజులమ్మ దగ్గర మాకు శిక్షణ మొదలైంది. సంత రోజు పొద్దున్నే ఆమె బుద్రుని తీసుకొచ్చేది. వాడు గేటు బయటే ఆగిపోయేవాడు. మమ్మల్ని మాత్రం మెట్ల మీద కూర్చోబెట్టేది. విజిల్ జేబులో పెట్టాలి. ఎదురుగా కాదు, పక్కగా కూర్చోవాలి. ఒక్కమాటే అనాలి, అని ఊరుకోవాలి. వెనక నుంచి చెయ్యి వెయ్యకూడదు.

హెడ్డు అప్పలనాయుడిది శ్రీకాకుళం గొంతు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఎస్పీ గోరి ముందు నిలబడ్డాను, దొంగోడి ముందు నిలబడ్డాను, ఇలా గుమ్మంలో పెళ్ళికూతుర్లా ఎప్పుడూ కూకోలేదు సార్" అనేవాడు.

"సిగ్గుపడితే పడ్డావు గానీ గొంతు తగ్గించు నాయుడూ" అనేది రాజులమ్మ. "నా గుంటడికి సెముడు నేదు."

వారాలు గడిచాయి. బుద్రు గేటు దాటాడు, తర్వాత మెట్టెక్కాడు, ఒకరోజు అప్పలనాయుడి పక్కనే కూర్చుని అంబలి తాగాడు. నా దగ్గరికి మాత్రం రాలేదు. నన్ను చూడగానే ఎడమ చెంప మీద అరచెయ్యి పెట్టుకునేవాడు. రాజులమ్మ అది చూసేది. నేను చూడటం కూడా చూసేది.

ఆ వానాకాలంలో టైడా రైల్వే స్టేషన్ వైపు నుంచి కబురొచ్చింది, సొరంగం ముందు పట్టాల మీద ఎవడో నిలబడ్డాడని. మేం వెళ్ళేసరికి గ్యాంగ్‌మన్ అరుస్తున్నాడు. అరిచినకొద్దీ బుద్రు చెవులు మూసుకుని సొరంగంలోకి జరుగుతున్నాడు. అటునుంచి ఖనిజం గూడ్సు బయలుదేరిందన్నారు. నా చెయ్యి తనంతట తనే విజిల్ మీదికి వెళ్ళింది. "సార్" అన్నాడు అప్పలనాయుడు, చాలా మెల్లగా. చెయ్యి తీసేశాను. గ్యాంగ్‌మన్‌ని ఊరుకోమని, టోపీ తీసి, పట్టాలకి ఎడంగా తడి కంకర మీద కూర్చున్నాను. "బుద్రూ, కూకో" అన్నాను ఒక్కసారి. అంతే. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు, ఊరుకోవడం.

వాడు చెంప మీద చెయ్యి పెట్టుకుని వచ్చాడు. బారెడు దూరంలో కూర్చున్నాడు. గూడ్సు వచ్చి పోతున్నంతసేపూ ఇద్దరం చెవులు మూసుకున్నాం. చప్పుడు ఆగాక, చక్రాలు పోయిన వైపే చూస్తూ "పేరేంటి" అన్నాడు. సంతలో నేను అరిచిన మాటే, అదే గొంతు. ఈసారి నేను నా పేరు చెప్పాను.

రాజులమ్మ రొప్పుతూ వచ్చి మమ్మల్ని చూసింది. తప్పయిందని అప్పుడే అనాల్సింది. సిబ్బంది చూస్తున్నారని నోరు రాలేదు. కొన్నాళ్ళకి బదిలీ అయి కొండ దిగిపోయాను, ఆ మాట అనకుండానే.

కొన్నేళ్ళ తర్వాత విశాఖలో మాకు ఒక పూట శిక్షణ పెట్టారు. డాక్టరమ్మ ఆటిజం అన్న మాట బోర్డు మీద రాసింది. అన్నమాటే తిరిగి అనడం, చప్పుడుకి తట్టుకోలేకపోవడం, ముట్టుకుంటే బెదరడం, ఒక్కొక్కటే చెబుతుంటే నాకు బుద్రు కనిపించాడు. "ఇలాంటివాళ్ళు మీకెవరికైనా తారసపడ్డారా?" అంది. చెయ్యెత్తితే చెంపదెబ్బ సంగతి చెప్పాలి. ఆఖరికి చెయ్యెత్తాను. అంతా చెప్పాను.

ఆ వారమే కొండెక్కాను. రాజులమ్మ జుట్టు నెరిసింది. నేను నోరు తెరవబోతే దొన్నె చేతికిచ్చింది. తాగాను.

"ఇప్పుడు సెప్పు. ఏటి పని మీదొచ్చినావు?"

"బుద్రుకున్నదానికి ఒక పేరుందట రాజులమ్మా. పోలీసులకి నేర్పుతున్నారు."

"మంచిదే. కూకోమని సెప్పినారా?"

"చెప్పారు." ఆగాను. "నేను తప్పు ఒప్పుకుందామని వచ్చాను."

"నాకెందుకు? ఆడు అరుగు మీదున్నాడు."

వెళ్ళి పక్కగా కూర్చున్నాను. తప్పయింది బుద్రూ అన్నాను, ఒక్కసారే. వాడి చెయ్యి చెంప మీదికి వెళ్ళింది. పొద్దు వాలేదాకా అక్కణ్ణుంచి దిగలేదు. కానీ వాడు లేచి వెళ్ళిపోలేదు. నేనూ వెళ్ళలేదు.

ఇప్పుడు బీచ్ రోడ్డు గట్టు మీద, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా నేను కాసేపు అలాగే ఉంటాను. ఎడమ పక్కన బారెడు చోటు వదిలి.