మూత పెట్టిన మీటరులో కదిలింది

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. హోసూరులో మీటర్లు సరిచూసే ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. కొలతకు అందనిది నా దృష్టిలో లేనట్టే. ఇప్పటికీ దెయ్యం అనే మాట వాడను. జరిగింది మాత్రం చెబుతాను.

ఫైబర్ కేబుల్‌లో వెలుగు ఎంత వస్తోందో చూసే చిన్న మీటర్లు మా దగ్గరికి వస్తాయి. ఒక్కోటి ఎంత తక్కువ వెలుగును పట్టగలదో మేము తేల్చాలి. చీకటి గదిలో సెన్సారుకు మూత పెడతాం. అయినా అంకె ఊరుకోదు, సున్నా దగ్గర కొద్దిగా వణుకుతుంది. ఆ వణుకుకు మూడింతలు హద్దు. హద్దు దాటితేనే వెలుగు. దాటకపోతే ఏమీ లేదని రాస్తాం.

మా అక్క భర్త మునిరాజు బావ డెంకణికోట వైపు కేబుల్ పని చేసేవాడు. ఆ రోజు పొద్దున తన మీటరు తెచ్చి నాకిచ్చాడు.

"ఏమీ లేనిదాన్ని కొలిచేదానికి మీకు జీతమిస్తారు చూడప్పా, పెట్టి పుట్టినారు" అని నవ్వాడు. సాయంత్రం వస్తానని బండెక్కాడు.

పదకొండు దాటాక దానికి మూత పెట్టి రీడింగులు మొదలుపెట్టాను. అంకె వణకడం లేదు. మెల్లగా లేచి, మెల్లగా దిగుతోంది. మళ్లీ లేస్తోంది. మూత మార్చాను, నల్లగుడ్డ చుట్టాను, బ్యాటరీ మార్చాను. అదే వరస. పక్కన పెట్టిన ఇంకో మీటరు మామూలుగానే ఉంది.

పోయినేడు ఇదే మీటరుకు తేల్చిన హద్దులో ఆ లేవడం సగం కూడా లేదు. బావకు ఫోన్ చేద్దామనుకున్నాను. మళ్లీ ఎగతాళి చేస్తాడని ఊరుకున్నాను.

రానురాను ఆ లేవడం నిదానించింది. ఒకటీ పదికి ఆగిపోయింది. ఏమీ లేదని రాసి సంతకం పెట్టాను.

రెండున్నరకు అక్క ఫోన్ చేసింది. అడవి అంచున రాగిచేను పక్కన ఏనుగు బావను కొట్టి చంపింది. పదకొండు ప్రాంతంలో ఆ ఏనుగు చేను దాటడం చూసినవాళ్లు ఉన్నారు. బావ అక్కడ పడి ఉన్నాడని రెండింటి దాకా ఎవరికీ తెలియదు. దొరికేసరికి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉందట.

తరువాత ఆ మీటరుకు ఎన్నిసార్లు మూత పెట్టి చూశానో లెక్క లేదు. మామూలు వణుకే. విప్పి చూశాను, తెలిసినవాళ్లను అడిగాను. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. అదేమిటో నాకూ తెలియదు. ఆ రోజు ఫోన్ మాత్రం చేసి ఉండాల్సింది.

కర్మ అయిన రోజు అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఆడ పడి చానా సేపు బాధపడినాడేమో రా?"

"లేదక్కా. తగిలిన ఏటుకే పోయినాడు" అన్నాను.

అప్పుడు ఆ రెండు గంటల రీడింగుల కాగితం నా జేబులోనే ఉంది.