గడప దాకా వెళ్లినవాడు

దారాన్ని పళ్లతో కొరకడం మానవజాతి ఎప్పుడు మొదలుపెట్టిందో పండితులు ఇంకా తేల్చలేదు. సూది పుట్టిన నాడే ఆ ఆచారమూ పుట్టి ఉండాలి. కత్తెర ఆ తర్వాతెప్పుడో వచ్చింది కాబట్టి దర్జీ వృత్తిలో పన్ను పెద్దకొడుకు, కత్తెర చిన్నకొడుకు. మా వీధి మలుపులో దుకాణం ఉన్న దర్జీ ఈ పెద్దరికాన్ని అక్షరాలా పాటించేవాడు. గుండీ కుట్టడం కాగానే చొక్కాను ముఖం దగ్గరికి తెచ్చుకుని, పెదాలు వెనక్కి లాగి, ముందుపళ్లన్నీ బయటపెట్టి టక్కున కొరికేవాడు. చప్పుడు ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టు దాకా వినిపించేదని చెప్పుల కొట్టతను ఈనాటికీ సాక్ష్యం చెబుతాడు.

ఈ ఆచారం ఆయనకు పని నేర్పిన గురువు నుంచి వచ్చింది. గురువుకి అంతకుముందున్న గురువు నుంచి వచ్చిందట. అంతవరకూ స్వర్ణయుగం. తర్వాత దర్జీకి పెళ్లయింది, తిరుగుబాటు యుగం మొదలైంది. భార్య గుండీలు కుట్టడంలో సాయానికి దుకాణంలో కూర్చునేది, మొగుడు దారం కొరికినప్పుడల్లా ఆమె పళ్లు జివ్వుమనేవి. గుడ్డకు కత్తెర, దారానికి పళ్లు అయితే రేపు కాజాలు తెరవడానికి గోళ్లు పెంచుతారేమో అని దెప్పేది. దర్జీ వాదం దర్జీకి ఉంది. కత్తెర అయితే తియ్యాలి, కొయ్యాలి, మళ్లీ పెట్టాలి, పెట్టినచోటు గుర్తుపెట్టుకోవాలి. పళ్లు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే పనే లేదు.

చరిత్ర ఇలాంటి మాటలు ఊరికే పోనివ్వదు.

ఒక సాయంత్రం భార్య ఇంటికి వెళ్లిపోయాక దర్జీ ఒక్కడూ కోటు గుండీలు కుడుతున్నాడు. బయట ఒక బండి ఆగింది. నడిపేవాడు బండి మీదే ఉన్నాడు. వెనక కూర్చున్నవాడు దిగి లోపలికొచ్చి, బల్ల మీదున్న ఫోను ఇమ్మన్నాడు. పదహారేళ్లవాడు. మీసం ఇంకా నిర్ణయం తీసుకోలేదు గానీ చేతిలో చాకు ఉంది. దర్జీ ఫోను అతని వైపు తోసేశాడు. కుర్రాడు తీసుకున్నాడు, తిరిగాడు, గడప దాకా వెళ్లాడు. అక్కడ ఆగి వెనక్కి చూశాడు. చూసి, మళ్లీ లోపలికి వచ్చి, బల్ల మీదున్న, గుడ్డ కొలిచే ఇనుప గజంబద్ద తీసుకుని దర్జీ మూతి మీద కొట్టాడు. రెండోసారి కూడా కొట్టాడు. అప్పుడు వెళ్లాడు.

ముందుపళ్లు పోయాయి. పై పెదవి చీలింది. ఆస్పత్రిలో దాన్ని కుట్టిన డాక్టరు కుట్లు దర్జీకి నచ్చలేదు, ఎడమవైపు గుంజుకుపోయిందన్నాడు. అదీ సైగలతోనే, అప్పటికింకా మాట రాదు కాబట్టి. పోలీసులు వారం తిరక్కుండానే కుర్రాడిని పట్టుకున్నారు. ఫోను అప్పటికే చేతులు మారిపోయింది, గజంబద్ద మాత్రం దొరికింది. అది దుకాణంలోనే ఉంది కాబట్టి దొరకడంలో పెద్ద ఇబ్బంది రాలేదు. పని ఆగిపోతోంది, బద్ద ఇప్పించండి అని దర్జీ స్టేషనుకు వెళ్లి అడిగితే, కేసులో అదే ముఖ్యసాక్షి, సాక్షిని ఇంటికి పంపడం కుదరదన్నారు. దెబ్బ తిన్నవాడిని మాత్రం ఇంటికి పంపేశారు.

ఆ తర్వాత దుకాణం షట్టరు సగమే లేచేది. దొరైనా దొంగైనా వంగే రావాలి. దొంగ రాలేదు గానీ నడుము నొప్పుల వాళ్లంతా వేరే దర్జీని చూసుకున్నారు. షట్టరు కింద కాళ్లు కనబడగానే దర్జీ మిషను ఆపేసేవాడు. కాళ్లు వెళ్లిపోయేదాకా మళ్లీ తొక్కేవాడు కాదు. షట్టరు ఎత్తమని ఎవరు ఎన్నిసార్లు చెప్పినా ఆయనది ఒకటే మాట. చాకు చూపించాడు, ఫోను ఇచ్చాను, అక్కడితో లెక్క సరిపోయింది. గడప దాకా వెళ్లినవాడు ఎందుకు వెనక్కొచ్చాడు? అది తెలిస్తే మళ్లీ అలా జరక్కుండా చూసుకోవచ్చు, షట్టరు పైకెత్తవచ్చు. తెలియకపోతే ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు. భార్యను అడిగాడు, చెప్పుల కొట్టతన్ని అడిగాడు, కొలతలిస్తున్న పెళ్లికొడుకును కూడా అడిగాడు. పెళ్లికొడుకు కోటు వేరేచోట కుట్టించుకున్నాడు.

ఇలా ఉండగా బాలల కోర్టు వారి సమాధాన కేంద్రం నుంచి ఒక మేడమ్ ఇంటికి వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి. శిక్ష వల్ల పిల్లలు చెడిపోతారనీ, దెబ్బతిన్నవారూ దెబ్బకొట్టినవారూ ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పితే ఇద్దరి గాయాలూ మానతాయనీ చెప్పింది. కుర్రాడికేం గాయమని దర్జీ భార్య అడిగింది. అది కనిపించని గాయమంది మేడమ్.

“మావారిదైతే నోరు తెరిస్తే కనిపిస్తుందండీ,” అంది భార్య.

దర్జీకి ఈ చర్చ పట్టలేదు. ఆ కుర్రాడిని ఒక్క ప్రశ్న అడగనిస్తారా అన్నాడు. మేడమ్ సంతోషంగా ఒప్పుకుంది. ప్రశ్న విన్నాక మాత్రం కాస్త సవరించింది. ‘ఎందుకు’ అనకూడదట, అంటే నింద వేసినట్టుంటుందట. ‘ఆ క్షణంలో నీ మనసుకు ఏమనిపించింది’ అనాలట. దర్జీ ఆ వాక్యం ఇంట్లో అద్దం ముందు సాధన చేశాడు. పళ్లు లేని నోట్లో అది సగం గాలిగా వచ్చేది. భార్య వినీ వినీ, కుర్రాడికి అర్థం కాకపోయినా జాలి మాత్రం వేస్తుందిలెండి అని ధైర్యం చెప్పింది.

సమావేశం కోర్టు వెనక భవనంలో మేడమీద. బల్ల అడ్డుంటే మనసులు కలవవని బల్ల తీయించి, ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. ఒక కుర్చీకి కాలు పొట్టి, అది దర్జీకి వచ్చింది. ఎదురుగా కుర్రాడు, వాడి పక్కన వాళ్లమ్మ. దర్జీకి ఇటుపక్క భార్య, అటుపక్క మేడమ్. మేడమ్ చేతిలో పసుపు రంగు దూది బంతి. బంతి ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి, ఇది తనతో సహా అందరికీ వర్తిస్తుందని చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. బంతి ఆమె చేతిలోనే ఉంది మరి.

ముందు కుర్రాడికిచ్చారు. వాడు లేచి నిలబడి, చెడు స్నేహాల వల్ల తప్పుదారి పట్టాననీ, ఈ సంఘటన తన కళ్లు తెరిపించిందనీ, ఆయన్ను సొంత బాబాయిలా భావిస్తున్నాననీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ‘సంఘటన’ దగ్గర తడబడితే వాళ్లమ్మ అందించింది. బంతి దర్జీ చేతికొచ్చింది.

దర్జీ సాధన చేసిన వాక్యం చెప్పాడు. ఈల వేసినట్టు వచ్చింది. కుర్రాడి బుగ్గలు ఉబ్బాయి. నవ్వు ఆపుకుంటున్నాడని అందరికీ తెలిసింది. వాళ్లమ్మ తొడ మీద గిల్లింది. వాడు చెయ్యి చాచి బంతి తీసుకుని, చెడు స్నేహాల వల్ల తప్పుదారి పట్టానని మళ్లీ మొదలుపెట్టాడు.

దర్జీ లేచాడు. వాడి చేతిలోంచి బంతి లాక్కున్నాడు.

“గడప దాకా వెళ్లావు కదరా. ఎందుకు వెనక్కొచ్చావు?”

మేడమ్ నోరు తెరిచింది. బంతి తన దగ్గర లేదని గుర్తొచ్చి మూసింది. దర్జీ బంతిని కుర్రాడి ఒడిలో పడేసి, కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. వాడు ఒకసారి వాళ్లమ్మను చూశాడు. దీనికి అప్పజెప్పే పాఠం లేదు.

“మీరు నవ్వారు కదా,” అన్నాడు.

“నేనా?”

“పళ్లన్నీ బయటపెట్టి. ఫోను ఇచ్చేసి, నేను వెనక్కి తిరగ్గానే ఇకిలించారు. బయట మావాడు చూస్తున్నాడు. నన్ను చూసి ముసలాడు నవ్వాడంటే రేపు నా పరువేంటి?”

దర్జీ ఎడమచెయ్యి ముఖం దాకా లేచి ఆగిపోయింది. ఆ సాయంత్రం ఏం చేశాడో అప్పుడు గుర్తొచ్చింది. కుర్రాడు వెనక్కి తిరిగాక ఏం చెయ్యాలో తోచలేదు. అరవాలా, పరుగెత్తాలా, ఏమీ తోచలేదు. చేతిలో కోటు ఉంది, గుండీ కుట్టడం అయిపోయింది. కొరికాడు.

బంతి ఎవరి చేతిలో ఉందో ఎవరూ చూసుకోలేదు. మొట్టమొదట మాట్లాడింది ఆయన భార్యే.

“ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నానండీ,” అంది. అన్న వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, బయటికొచ్చిన మాట బయటే ఉండిపోయింది.

కుర్రాడి తల్లి ముఖం వికసించింది. తన కొడుకు ఊరికే చెయ్యి చేసుకునే రకం కాదని తనకు ముందే తెలుసంది. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అన్నారా అని కూడా అంది. ఆయన నవ్వలేదమ్మా అని దర్జీ భార్య అంటే, నవ్వినట్టు కనిపించిందా లేదా అదే ముఖ్యమంది. మేడమ్ అందరికంటే ఆనందించింది. ఇది నేరం కాదు, అపార్థం. తెలియక ఒకరు పళ్లు చూపించారు, తెలియక ఒకరు కొట్టారు. ఇద్దరూ అర్థం చేసుకున్నారు కాబట్టి కేంద్రం చరిత్రలో ఇంత చక్కగా ముగిసిన సమావేశం మరొకటి లేదు. చీలిన పెదవితో నిలబడిన మనిషి కూడా అపార్థంలో సగం వాటాదారైపోయాడు. వాటా తీసుకోనని చెప్పడానికి ఆయన చేతిలో బంతి లేదు.

చివర్లో ఫొటో. కుర్రాడి భుజం మీద చెయ్యి వెయ్యమన్నారు, వేశాడు. ఫొటో తీసే గుమాస్తా, కొంచెం నవ్వండి సార్ అన్నాడు. ఫొటో ఇప్పుడు కేంద్రం గోడ మీద ఉంది. అందులో అందరూ నవ్వుతున్నారు. కుర్రాడి పళ్లు చాలా బాగున్నాయి. నోరు మూసుకున్నవాడు ఒక్కడే.

బాధితుల సాయం కింద దర్జీకి పెట్టుడుపళ్లు ఇచ్చారు. మెత్తటివి నమలవచ్చు. షట్టరు మళ్లీ పూర్తిగా లేచింది, చెప్పుల కొట్టతను వచ్చి అభినందించాడు. దర్జీ ఇప్పుడు పని చేసేటప్పుడు తల వంచుకుని, పెదాలు బిగించి కూర్చుంటాడు. గుమ్మంలో ఎవరున్నా ముఖం ఎత్తడు. జోకు చెబితే కిటికీ వైపు తిరుగుతాడు.

మొన్న కుర్రాడి తల్లి వచ్చింది. సమాధానమైపోయినవాళ్లం కదా, వేరే దర్జీ దగ్గరికి వెళితే బాగుండదంది. కుర్రాడికి ఏదో కంపెనీలో పని దొరికింది, ప్యాంటు పొట్టయింది, కాళ్ల దగ్గర మడత విప్పి దించాలి, బాబాయిగారూ కాస్త త్వరగా అంది. కుర్రాడు లోపలికి రాలేదు, గడప మీద నిలబడ్డాడు. దర్జీ పాత కుట్టు విప్పాడు, ఇస్త్రీ చేశాడు, కొత్త మడత వేసి చేత్తోనే కుట్టాడు. కుట్టడం అయింది. ప్యాంటు కాలు ముఖం దాకా లేచింది. భార్య సూది ఆపి చూసింది. కుర్రాడు కూడా చూశాడు.

దర్జీ ప్యాంటు కిందికి దించి, మేకుకు తగిలించిన కత్తెర తీసుకున్నాడు.

దారం బాగానే తెగింది.