మా పోట్లాటతో సరిచేసిన చెవి మిషన్

డబ్బిచ్చి కొన్న వస్తువు మీదేనని మీరు ఇంకా నమ్ముతున్నారా? నేనూ నమ్మాను. దేవుడున్నాడంటే రుజువు చూపించమని సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, కంపెనీ ఇచ్చిన రసీదును మాత్రం ఒక్క ప్రశ్న అడగకుండా జేబులో పెట్టుకున్నాను.

నా భార్య ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పేది. తెర మీది అమ్మలకూ అత్తలకూ గొంతు ఇచ్చేది. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. నాకు ఏ దేవుడూ లేడు. యూసుఫ్‌గూడలో మా రెండు గదుల ఇంట్లో, సాయంత్రం టీ తాగుతూ దేవుడి మీద పోట్లాడుకోవడమే మా కాపురం. ఆమె నా వాక్యాన్ని ఎప్పుడూ పూర్తి కానిచ్చేది కాదు. "ఆగండి, ఆగండి, అక్కడే మీ తప్పు" అని సగంలోనే పట్టుకునేది.

వయసుతో ఆమెకు వినికిడి తగ్గింది. మా వీధి చివరి చిన్న దుకాణంలో చెవి మిషన్ కొన్నాం. వినికిడి మారినప్పుడల్లా దాన్ని సరిచేయాలి. దుకాణం నడిపే అతను ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికే వచ్చేవాడు. బీప్ శబ్దాలతో కొలిస్తే చాలదని అతని నమ్మకం.

"అమ్మా, మీరు రోజూ ఇనేది సార్ గొంతే గదా. ఇద్దరు జర కొట్లాడుండ్రి, నేను సౌండ్ సెట్ చేస్త."

"దేని మీద?" అన్నాను మొదటిసారి.

"రోజూ కొట్లాడేదాని మీదనే సార్. కొత్తది ఎందుకు?"

ప్రార్థనతో జ్వరం తగ్గుతుందా అని నేను మొదలుపెట్టేవాణ్ణి. మీ ఉపన్యాసంతో ఎవరికైనా తగ్గిందా అని ఆమె అడిగేది. అతను మీటలు నొక్కుతూ "సార్, ఇంకొంచెం కోపంగ" అని ఎగదోసేవాడు. కాసేపటికి ఆమె ముఖం విచ్చుకునేది. "ఆఁ, ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది. అదే పాత తప్పు."

ఒకరోజు అతను ల్యాప్‌టాప్ లేకుండా వచ్చాడు.

"సార్, నాకు సాఫ్ట్‌వేర్ ఓపెన్ అయితలేదు. కంపెనోళ్ళు మా అసొంటి దుకాణాలకు బంద్ పెట్టిండ్రు. ఇగ వాళ్ళ షోరూంలనే అమ్ముతరట, ఆడనే సరిచేస్తరట. పనైతే నాకొచ్చు. తాళం వాళ్ళ కాడున్నది."

మిషన్ చెడిపోలేదు. ఆమె వినికిడి ఇంకా తగ్గింది, మిషన్ మాత్రం పాత కొలత మీదే ఉండిపోయింది. ఆమె నా పెదవులు చూడటం మొదలుపెట్టింది. డబ్బింగ్‌లో కదిలే పెదవులకు మాటలు అతికిన అలవాటు కదా, నేను అనని మంచి మాటలెన్నో నా నోట్లో పెట్టి వాటికి జవాబులు చెప్పేది. ఆమె ఊహించుకున్న ఆ మనిషి నాకంటే మర్యాదస్తుడు. అతని మీద నాకు అసూయ కలిగేది.

చివరికి జూబ్లీహిల్స్‌లోని కంపెనీ షోరూంకు వెళ్ళాం. అద్దాల గదిలో ఒక అమ్మాయి మిషన్ నంబరు చూసింది.

"సారీ సర్, ఇది పాత డీలర్ అమ్మిన పీస్. మా సిస్టమ్‌లో ఓపెన్ కాదు."

"మిషన్ మీ కంపెనీదే గదమ్మా?"

"మాదే సర్. కానీ మేం అమ్మింది కాదు."

"ఖరాబైందా?"

"లేదు సర్, కండిషన్ చాలా బాగుంది. కొత్త మోడల్ ట్రయల్ ఇస్తాను, చూడండి."

ఆ అమ్మాయి కొత్తది ఆమె చెవిలో పెట్టింది. వినబడుతుందా అని మెల్లగా అడిగాను. ఆమె ఉలిక్కిపడి నావైపు తిరిగింది.

"మీ గొంతు ముసలిదైపోయిందండీ."

ఆ ఒక్క మాటకు నా సిద్ధాంతాలన్నీ ఆ బల్ల మీద వదిలేయడానికి సిద్ధపడ్డాను. "తీసుకుందాం" అన్నాను. కానీ నేను ఏనాడూ అడగని ప్రశ్న ఆ విశ్వాసి అడిగింది.

"అమ్మా, దీన్ని కూడా మీ దగ్గరే సరిచేయించుకోవాలా?"

"అవును మేడమ్, మా షోరూంలోనే."

"రేపు మీరు ఇది మూసేస్తే?"

ఆ అమ్మాయి ధరల కాగితం ముందుకు జరిపింది. నా భార్య కొత్త మిషన్ తీసి దాని మీద పెట్టింది. నేను బతిమాలాను. ఆమె అప్పటికే తలుపు దగ్గరుంది.

కొండ దిగుతూ, "మా దేవుడే నయమండీ. ఏ కొట్లోంచి వచ్చావని అడక్కుండా వింటాడు" అంది.

నా దగ్గర దీటైన జవాబుంది. చెప్పాను కూడా. రోడ్డు చూసుకుంటూ నడుస్తున్న ఆమెకు వినిపించలేదు.

ఇప్పుడు నా వాదన కాగితం మీద రాసిస్తాను. ఆమె చివరిదాకా ఓపిగ్గా చదువుతుంది. నాకు ఆ ఓపిక వద్దు. నా మాట సగంలో ఉండగా ఆమె అడ్డుపడాలి. దాని కోసం మొహం వాచిపోయాను.

ఆ తాళం మా వీధి దుకాణం అతనికి తిరిగి ఇవ్వమని కంపెనీకి రాశాను. జవాబు లేదు. ఒక్కడి ఉత్తరాన్ని పక్కన పడేయడం తేలిక. మీ ఇంట్లో ఎవరి చెవిలోనైనా ఇలాంటి మిషన్ ఉంటే, దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను, పని తెలిసిన ప్రతి దుకాణానికీ ఇవ్వమని మీరూ రాయండి. కొత్తగా కొనబోతున్నారా? బయట ఎక్కడైనా సరిచేయించుకోవచ్చని కాగితం మీద రాసిమ్మనండి. రాయకపోతే కొనకండి. ఉత్తరం ఈరోజే వేయండి.