గొంతు వేగం తగ్గించమన్నారు

నేను ఎవరినీ ఓ పట్టాన నమ్మను. చూపు లేదు కాబట్టి చెవులతోనే కాపలా కాసుకోవాలి. ఢిల్లీలో నేనుండే కటవారియా సరాయ్‌లో కూరగాయల భయ్యా తూకం మీద కూడా నాకు అనుమానమే. ఎం.ఏ. మొదటి ఏడాది నా బదులు పరీక్ష రాయడానికి యూనివర్సిటీ పంపిన అమ్మాయి మీద మరీనూ. నేను మూడు వాక్యాలు చెబితే ఆమె పెన్ను ఒక్క వాక్యమంత సేపే కదిలేది. అడిగితే, అంతా రాశాను దీదీ అనేది. మార్కులు వచ్చాక నా అనుమానం ఇంకా గట్టిపడింది.

అందుకే రెండో ఏడాది ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, కంప్యూటర్ మీద నేనే టైప్ చేసుకునేలా అనుమతి తెచ్చుకున్నాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కొత్తగా వేశారు. ఇయర్‌ఫోన్లో అది ప్రశ్న చదువుతుంది, నేను జవాబు కొడతాను, కొట్టినదాన్ని మళ్ళీ వినిపిస్తుంది. ఇక మధ్యలో ఎవరూ లేరని పొంగిపోయాను. నేనలా రాయబోయే పేపర్లో మంచి మార్కులొస్తేనే పీహెచ్‌డీకి పిలుస్తారు.

పరీక్ష గదిలో నేనూ, ఇన్విజిలేటర్‌గా వచ్చిన ఓ లెక్చరరూ. మాది గుంటూరని తెలియగానే ఆయన హిందీ వదిలి తెలుగులోకి దిగారు. మనవాళ్ళమన్న చనువు చూపించేవాళ్ళంటే నాకు ఇంకాస్త భయం. కాసేపటికే ఇయర్‌ఫోన్లు తీయించి స్పీకర్లో పెట్టమన్నారు. అలవాటైన మాలాంటివాళ్ళం ఆ గొంతును బాగా వేగంగా పెట్టుకుంటాం. కొత్తవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. బయటి నుంచి ఎవరో నాకు గుట్టుగా జవాబులు అందిస్తున్నారనుకున్నారాయన.

వేగం తగ్గించి వినిపించాను. అది ప్రశ్నపత్రమేనని ఒప్పుకున్నారు. హమ్మయ్య అనుకునేలోపే, చివరిదాకా అలాగే ఉంచమన్నారు.

"నీ మీద డౌటని కాదమ్మా. రేపెవరన్నా అడిగితే నేనూ విన్నానని చెప్పుకోవాలి గదా."

ఒళ్ళు మండిపోయింది. గొడవకు దిగితే ఉన్న టైమూ పోతుందని మళ్ళీ కీబోర్డు మీద చేతులు పెట్టాను. ఆ గొంతు ఒక్కో మాటా సాగదీస్తుంటే పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని, నడుమ నడుమ అచ్ఛా, అచ్ఛా అంటూ శ్రద్ధగా విన్నారు. గంట కొట్టేసరికి ఆఖరి ప్రశ్న ఇంకా మొదలే పెట్టలేదు. నాకు బాగా వచ్చిన ప్రశ్న అదే. ఏడుపు ఆపుకోవడం కష్టమైంది.

ఆయన నా చేయి పట్టుకుని తలుపు దాకా నడిపించారు. ఆయన గొంతులో ఉన్నది నిజమైన జాలే, అందులో మాత్రం నాకు అనుమానం లేదు.

"బాగా రాశావమ్మా, అంతా విన్నా. కొంచెం స్పీడు పెంచుకోవాలి, అంతే" అన్నారు.