చేటడు నూక

పోయిన నెల శ్రీకాకుళం నుంచి పాతపట్నం వెళ్లే బస్సులో నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. ఒళ్లో గుడ్డసంచి. బస్సు కుదిపినప్పుడల్లా అందులోంచి ఒక వాసన వచ్చేది. కిరసనాయిలులా ఉంటుంది గానీ కిరసనాయిలు కాదు. పీల్చగానే గొంతులో చేదు నిలబడుతుంది. తొంగిచూస్తే పురుగుమందు డబ్బా, దాన్ని ఆనుకుని రెండు బన్ను రొట్టెలు. "ఆ రొట్టెలు పిల్లలకి పెట్టకు బాబూ!" అని ఎంత గట్టిగా అరిచానో, బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. "మూత బిగించే ఉన్నాది కదమ్మా, ఏటవుతాది?" అన్నాడు అతను, పాపం, నవ్వుతూనే. ఏమవుతుందో అతనికి చెప్పాను. చెబుతున్నంతసేపూ నా కళ్ల ముందు రూతమ్మగారే ఉన్నారు.

అరవైల చివరి మాట. వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి కొంత దూరంలో ఒక చిన్న ఊళ్లో మిషను బడి ఉండేది. విజయనగరంలో ట్రైనింగు ముగించుకుని, ఇరవై ఏళ్లకి మొదటి ఉద్యోగానికి నేను అక్కడికే వెళ్లాను. రూతమ్మగారు ఆ బడికి పెద్ద టీచరు. పొట్టి మనిషి, తెల్లచీర, ఎండైనా వానైనా చేతిలో మగవాళ్ల గొడుగు. ఆవిడ ఏ పని చెప్పినా ఒక్క ముక్కలో చెప్పేవారు. ఎందుకో చెప్పేవారు కాదు. నేను చేరిన వారానికే, "రేపట్నుంచి పిల్లలు తిన్నాకే నువ్వు తిను" అన్నారు. "ఎందుకమ్మగారూ?" అంటే "చెప్పినట్టు చెయ్యి, సావిత్రీ" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పది రోజులు ఆకలితో వరస చివర నిలబడ్డాక గాని తెలియలేదు, చివరి పిల్లల పళ్లేల్లో పడేది గుండిగ అడుగున మిగిలిన మాడు మాత్రమేనని. మర్నాటి నుంచి వరసను నేనే తిరగేశాను. ఆవిడ చూశారు. ఆ నెలాఖరుకి నాకు ఒకటో తరగతి అప్పగించారు. అది ఆవిడ మెచ్చుకోలు.

ఆ ఏడు వానలు వెనకపడ్డాయి. నాట్లు లేక కూలీలకి పని లేదు. బడిలో మధ్యాహ్నం పెట్టే గోధుమనూక ఉప్మాయే చాలామంది పిల్లలకి ఆ రోజుకి తిండి. నూక బస్తాలు పట్నం గోదాము నుంచి లారీలో వచ్చేవి. ఒక గురువారం లారీ వచ్చింది. బస్తాలు దింపుతుంటే రూతమ్మగారు ఒకదాని దగ్గర ఆగి, వంగి వాసన చూశారు. గోనె మీద అరచేతి వెడల్పున నల్లటి మరక. ఆవిడ ముఖం మారిపోయింది. ఆ బస్తాని, దాన్ని ఆనుకుని వచ్చిన మరో రెండింటిని వెనక గదిలో పెట్టించి, "వీటిని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. ఎప్పటిలాగే, ఎందుకో చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గోదాముకి వెళ్లిపోయారు. గది తాళంచెవి నా చేతిలో పెట్టారు.

బడిలో వంట చేసేది ఎర్రమ్మ. నాకంటే పదేళ్లు పెద్దది. మొగుడు సింహాచలానికి నెల రోజులుగా పని లేదు, ఇంట్లో ముసలి అత్త. ఆ మధ్యాహ్నం పిల్లలకి వడ్డించాక ఎర్రమ్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మరక బస్తా పారబోసెత్తారంట కదా తల్లీ?"

"ఏమో, నాకు తెలీదు."

"మరకైన కాడిది వద్దు. ఇటేపుది మంచిగున్నాది, సూడు. మా అత్త రెండ్రోజులై గంజి తాగతన్నాది."

గది తీశాను. వాసన చూశాను. లారీ లోపల కిరసనాయిలు ఒలికి ఉంటుందనుకున్నాను. రూతమ్మగారికి అన్నిటికీ అతి జాగ్రత్త అని కూడా అనుకున్నాను. మరకకి దూరంగా కుట్టు విప్పి, చేటడు నూక నా చేత్తోనే తీసి పోశాను. ఎర్రమ్మ దానికి కొంగు కప్పి ఇంటికి తీసుకెళ్లి, అత్త చేతికిచ్చి, గిన్నెలు తోమడానికి మళ్లీ బడికి వచ్చేసింది. అందుకే ఎర్రమ్మ ఆ నూక తినలేదు.

మూడు గంటలవేళ పక్కింటావిడ రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. "ఒలే ఎర్రమ్మా, బేగి రాయే! మీ అత్త గిలగిల కొట్టుకుంటన్నాది. నీ మొగుడూ అంతే!"

ఎర్రమ్మ వెనకే నేనూ పరిగెత్తాను. ఇంటి ముందు జనం. ఎవరో గాలి సోకిందంటున్నారు, ఎవరో మూర్ఛంటున్నారు. వాకిట్లో, కడిగిపోసిన గిన్నె మెతుకుల దగ్గర మూడు కోళ్లు కాళ్లు చాపి పడి ఉన్నాయి. వాటిని చూశాను. అంతే, నాకు అర్థమైపోయింది. లోపల ముసలమ్మ విల్లులా వంగిపోయి ఉంది, నోటి చివర నురగ. సింహాచలాన్ని నలుగురు పట్టుకున్నా ఆగడం లేదు. నూక అంటుకున్న వేళ్లని చీరకి తుడుచుకుంటూనే ఉన్నానని తర్వాత ఎవరో చెప్పారు.

ఇద్దరినీ బండిలో వేసుకుని రోడ్డుకి తెచ్చేసరికి పట్నం నుంచి బస్సు వచ్చి ఆగింది. రూతమ్మగారు దిగారు. బండిలోకి ఒక్క చూపు చూసి, "ఏం తిన్నారు?" అన్నారు.

"నూక," అన్నాను.

ఆవిడ అదే బస్సుని ఆపి, సీట్లు ఖాళీ చేయించి, అందర్నీ ఎక్కించారు. ఆసుపత్రి గుమ్మంలో అడుగుపెడుతూనే, "డాక్టరుగారూ, ఎండ్రిన్! నూకలో కలిసింది" అని కేక వేశారు. ముసలమ్మ ప్రాణం దారిలోనే పోయింది. సింహాచలానికి రెండు రోజులకి తెలివొచ్చింది. పురుగుమందు పేరు ముందే తెలియబట్టి సరిపోయిందన్నాడు డాక్టరు.

ఆసుపత్రి వరండాలో ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి, "నేనే ఇచ్చానమ్మగారూ" అన్నాను. కొడతారనుకున్నాను. ఆవిడ మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు.

"మా తమ్ముడు పొలంలో కొట్టే మందు వాసన అది. నిన్ననే అనుమానం వచ్చింది. నోటితో అంటే ఊరంతా బెదిరి, పిల్లలు తిండి మానేస్తారని ఊరుకున్నాను. ఇవాళ వెళ్లి డ్రైవర్ని అడిగాను. బస్తాల మధ్యనే ఎండ్రిన్ డబ్బాలు వేసుకొచ్చాడు. 'రెండు డబ్బాలు కారినాయమ్మా, గుడ్డెట్టి తుడిసేసినాను గదా' అన్నాడు. విషాన్ని తిండి సరుకుతో కలిపి ఎక్కించకూడదని గోదాములో కాగితం అంటించి ఉంది, సావిత్రీ. ఇంగ్లీషులో. అతనికి తెలుగే చదవడం రాదు. ఆ కాగితం వాడికి చదివి చెప్పావా అని గుమాస్తాని అడిగితే, గోడ మీద ఉంది కదా అన్నాడు. వాళ్లు గోడకి చెప్పారు. నేను నీకు ముట్టుకోవద్దని చెప్పాను, అంతే. విషమని చెప్పి ఉంటే నువ్వు ఇచ్చేదానివి కాదు."

ఆ మాటతో నాకు ఊరట కలిగిందని చెప్పను. నా తప్పులో సగం ఆవిడ తీసుకున్నారు, నా సగం నాకే ఉంది. మూడో రోజు నన్ను వెంటబెట్టుకుని ఎర్రమ్మ ఇంటికి నడిచారు. "నువ్వే చెప్పాలి. ఏదీ దాచకు" అన్నారు దారిలో. చెప్పాను: వద్దన్నారని, తాళంచెవి నా దగ్గర ఉందని, వాసన తెలిసీ ఇచ్చానని. ఎర్రమ్మ అంతా విని, "ఆకలని నేనడిగినాను, నువ్విచ్చినావు. మా అత్త పోనాది. ఇంకేటి మాటాడతాను?" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆఫీసర్లు వచ్చి ఏవేవో రాసుకుని వెళ్లారు. చివరికి ఎవరి మీద ఏం తేల్చారో మా బడి దాకా రాలేదు. రూతమ్మగారు మాత్రం ఆ మూడు బస్తాల్నీ బావులకి దూరంగా, నిలువెత్తు గోతిలో, తాను నిలబడి పూడ్పించారు. ఆ తర్వాత బడికి ఏ లారీ వచ్చినా, బస్తా దించకముందే గొడుగు పట్టుకుని డ్రైవరు దగ్గరికి వెళ్లేవారు. "నిన్న ఏం వేసుకెళ్లావు బాబూ? మొన్న?" అని అడిగేవారు. జవాబు ఏదైనా సరే, అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి ఎర్రమ్మ అత్త కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పేవారు. చదువు రాని మనిషికి కూడా మరిచిపోలేనట్టు చెప్పేవారు. ఒక్క ముక్కలో పని చెప్పే అలవాటు ఆవిడకి ఆ రోజుతో పోయింది. పలక కడుక్కోమని చెప్పినా ఎందుకో చెప్పేవారు. నాకూ అదే పట్టుకుంది. ముప్పై ఏడేళ్లు పాఠం చెప్పాను, "చెప్పినట్టు చెయ్యి" అని ఏ పిల్లలతోనూ అనలేదు.

ఎర్రమ్మ నెల తిరగకుండా పనికి వచ్చింది. పొయ్యి వెలిగించేది, వడ్డించేది, అవసరమైనంత వరకూ నాతో మాట్లాడేది. కానీ నా చేతి నుంచి ఏదీ అందుకునేది కాదు. ఉప్పు డబ్బా ఇచ్చినా, మంచినీళ్ల గ్లాసు ఇచ్చినా, కింద పెట్టమని కళ్లతోనే చెప్పేది. ఒకరోజు తట్టుకోలేక, ఎర్రమ్మ కాళ్లు పట్టుకుంటానని రూతమ్మగారితో అన్నాను.

"వద్దు," అన్నారు ఆవిడ. "నీకు మనసు తేలిక కావాలని ఆమెని అడక్కు. ఆమె కోపం ఆమెది. దాని పక్కనే నిలబడి నీ పని నువ్వు చెయ్యి."

ఆ ఊళ్లో ఇంకో ఆరేళ్లు పనిచేశాను. అడగలేదు. బదిలీ అయిన రోజున ఎర్రమ్మ బస్సు దాకా వచ్చింది, నా పెట్టె తలమీద మోసుకుని. బస్సు కదిలేముందు, దారిలో తినమని బెల్లం ముక్క ఒకటి ఆకులో కట్టి కిటికీలోంచి ఇచ్చింది. అందుకున్నాను. బదులుగా ఆమెకి ఏదైనా ఇవ్వాలని చెయ్యి సంచిలోకి పోయింది గానీ, బయటికి తియ్యలేదు.