జనుము చేలో తెల్ల రెక్కలు

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తెనాలి లైబ్రరీలో పిల్లల పుస్తకాలు దాదాపు అన్నీ చదివేశానని నాకు మహా గర్వంగా ఉండేది. సీతాకోకచిలుకలు పగలు ఎగురుతాయి, దీపం పురుగులు రాత్రి ఎగురుతాయి అని వాటిలో ఒకదానిలో చదివాను. ఇక రెక్కలున్న ప్రతిదానికీ నేనే పేరు పెట్టగలననుకున్నాను.

శనివారం బడి వదలగానే బస్సెక్కి, వేమూరు దగ్గర మా తాతయ్య ఊరికి వెళ్లేదాన్ని. వరి కోతలయ్యాక ఆయన విత్తనం కోసం జనుము వేశాడు. పసుపు పూలు ముదిరి కాయలయ్యాయి. వాటిని నల్లటి గొంగళి పురుగులు తొలిచేస్తున్నాయి. ఒకదాన్ని ఆకులతో సహా సీసాలో పెట్టి, ఇందులోంచి సీతాకోకచిలుక వస్తుందని చెప్పాను. తాతయ్య దగ్గరే ఉండే మా బావ దీపం పురుగే వస్తుందన్నాడు. పందెం కట్టుకున్నాం. నేను ఓడితే, ఇంకా సగమే చదివిన నా లైబ్రరీ పుస్తకం అతనికివ్వాలి. అతను ఓడితే సైకిలు నాకివ్వాలి. తీర్పు తాతయ్యది.

తర్వాత ఒక ఆదివారం సీసాలో తెల్లటి రెక్కలు కనిపించాయి. వాటి నిండా ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు. మూత తీయగానే అది మిట్టమధ్యాహ్నపు ఎండలో జనుము చేలోకి ఎగిరిపోయింది. నేను గెలిచానని గంతులు వేశాను.

చీకటి పడ్డాక అదో, దాని తోటిదో, వసారాలో బల్బు చుట్టూ తిరగసాగింది.

"ఏంటి లైబ్రేరియన్ గారూ, మీ సీతాకోకచిలుక దీపం దగ్గరికొచ్చిందేంటండీ?" అన్నాడు బావ.

పుస్తకం తప్పా, నా కళ్లు తప్పా తేలలేదు. ఏడుపు ఆపుకుంటూ తాతయ్య వైపు చూశాను. ఆయన బల్బు కిందకెళ్లి, తలెత్తి దాని రెక్కలు పరికించాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "ఇన్నేళ్లూ కాయలు తినే పురుగనే తిట్టుకున్నాను. దీనికి ఇలాంటి రెక్కలు రావడం నేనెప్పుడూ చూడలేదు."

బావ తీర్పు చెప్పమని పట్టుబట్టాడు. తెలియని దానికి తీర్పెలా చెప్తానురా అని తాతయ్య మందలించాడు. పుస్తకం నా దగ్గరే ఉంది, సైకిలు అతని దగ్గరే ఉంది. తెల్లవారి బడికి వెళ్లే ముందు ముగ్గురం చేలోకి వెళ్లాం. అడుగు వేసినప్పుడల్లా తెల్ల రెక్కలు లేచి, నాలుగు మొక్కల అవతల ఆకు కిందకు దూరిపోయేవి. తాతయ్య నడుం వంచి, మాకంటే ఎక్కువసేపు చూశాడు.

దీపం పురుగుల్లో పగలు ఎగిరేవీ ఉంటాయని, కొన్నిటికి జనుమే ఇల్లని, పెద్దల పుస్తకాల్లో చాలాకాలానికి చదివాను. పందెం బావే గెలిచాడు. అది చెప్తే నవ్వి ఊరుకున్నాడు. మరి పగలంతా ఎండలో తిరిగినది మళ్లీ దీపానికెందుకు వస్తుందో ఇప్పటికీ నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏదైనా అడిగి, నాకు జవాబు తోచనప్పుడు, తెలీదమ్మా అని చెప్పేస్తాను. చెప్పి, చెప్పులు వేసుకుని వాళ్ల వెంట బయటికి నడుస్తాను.